రెండెర్ర గీతలు

దసరా సెలవుల్లో మా ఆవిడ అటక దింపించింది. అటక దింపడమంటే తెలియని గృహస్థులుండరు. పనికి రావని పైకెక్కించిన వస్తువులు పనికి రావని మళ్ళీ ఒకసారి నిర్ధారణ చేసుకుని తిరిగి పైకెక్కించడం. ఆ కార్యక్రమంలో యీసారి మా నాన్నగారి పద్దు పుస్తకాలు బయటపడ్డాయి. అట్టలు వూడిపోయిన పొడుగుపాటి పుస్తకాలు, ఏడాదికొకటి చొప్పున. ఆయన పోయి రెండేళ్ళయింది. బడిపంతులుగా జీవితమంతా గడిపిన మనిషి. ఆయన తన గురించి రాసుకున్నదంటూ వేరే ఏమీ లేదు. యీ పద్దులే ఆయన ఆత్మకథ.

1982 పుస్తకం తీశాను. జీతం 640 రూపాయలు. బియ్యం కిలో మూడు రూపాయలు, పాలు లీటరు రెండున్నర, సినిమా నలుగురికి ఎనిమిది, క్షవరం రూపాయిన్నర. మొన్న నేను క్షవరానికి 150 రూపాయలిచ్చాను. మా నాన్నగారి తలమీద వున్న జుట్టులో సగం కూడా నాకు లేదు. నూరు రెట్లు డబ్బు పుచ్చుకుని సగం పనే చేశాడని మంగలితో తగువు పెట్టుకోలేము గదా!

ఇలాంటి పాత ధరలు చదివితే ఎవరికైనా ఒక నిట్టూర్పు వస్తుంది. "ఆ రోజులే రోజులు" అనేస్తాం. ఆ కిలో బియ్యం మూడు రూపాయలు చేసిన రోజున జీతం 640 మాత్రమే అన్న సంగతి నిట్టూర్పులో కొట్టుకుపోతుంది. నేనూ అలాగే నిట్టూర్చి పుస్తకం మూసేసేవాణ్ణే. మే నెల పుటలో యీ పద్దు కనిపించింది:

"అక్కయ్య వద్ద చేబదులు – రూ. 5,000."

ఆ తరువాత 2001 పుస్తకం వెతికాను, ఎందుకంటే ఆ అప్పు తీరిన రోజు నాకు బాగా జ్ఞాపకం. జనవరి పుటలో వుంది: "అక్కయ్యకు రూ. 5,000 యిచ్చి బాకీ తీర్చడమైనది." దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. ఆయన పద్దుల్లో ఎర్ర సిరా యింకెక్కడా లేదు. ఆ ఒక్క మాటకోసం ఎర్రసిరా సీసా కొన్నారో, పరీక్ష పేపర్లు దిద్దే కలమే వాడారో నాకు తెలియదు.

ఆ యిల్లు కట్టిన కథ కొంచెం చెప్పాలి. తెనాలి దగ్గర మా వూరు. 1982 ఫిబ్రవరిలో ప్రభుత్వం సిమెంటు మీద కంట్రోలు కొంతవరకు యెత్తేసింది. అందాకా పర్మిట్ల కోసం తిరిగి తిరిగి విసిగిపోయిన మా నాన్నగారు, సిమెంటు దొరుకుతుంది గదా అని యిల్లు మొదలుపెట్టారు. దొరకడం దొరికింది, ధర మాత్రం ఆయన అనుకున్నది కాదు. గోడలు లేచి కిటికీల పైదాకా వచ్చి ఆగిపోయాయి. వానలు పడితే తడిసి పాడయిపోతాయి. ఆ పరిస్థితిలో మా మేనత్త, నాన్నగారి కంటె మూడేళ్ళు పెద్ద, తన దగ్గరున్న 5,000 తెచ్చి యిచ్చింది. ఆ ముందటి యేడాదే మా మామయ్య పోయాడు. అవి ఆయన యిన్సూరెన్సు తాలూకు డబ్బులు. ఆ డబ్బుతో రెండు పాడిగేదెల్ని కొని, పాలు కేంద్రానికి పోసి, యిద్దరు పిల్లల్ని పెంచుకుందామని ఆవిడ అనుకుంది. తమ్ముడి గోడలు తడుస్తాయని ఆగింది. ఒక యేడాదిలో యిచ్చేస్తానన్నారు నాన్నగారు.

ఆ యేడాది పందొమ్మిదేళ్ళయింది. నాన్నగారిది చెడ్డ బుద్ధి కాదు. మా అక్క పెళ్ళి, మా నాయనమ్మ జబ్బు, నా చదువు – ఒకదాని వెనుక ఒకటి వరసకట్టాయి. అత్తయ్య కుట్టుమిషను పెట్టుకుంది. రవికలు కుట్టింది, పచ్చళ్ళు పెట్టి అమ్మింది. పెద్దబావ పదో తరగతితో చదువు మానేసి తెనాలిలో ఒక కిరాణా కొట్టులో గుమాస్తాగా కుదిరాడు. నేను ఎం.ఏ. దాకా చదివాను. ఏ యింట్లో కూర్చుని చదివానో ఆ యింటి స్లాబులో అత్తయ్య గేదెలు వున్నాయన్న ఆలోచన నాకు అప్పట్లో కలగలేదు.

2001 సంక్రాంతికి అత్తయ్యను పిలిచి, పళ్ళెంలో ఆకులూ వక్కలూ పెట్టి, ఒక చీర పెట్టి, దానిమీద పది ఐదువందల నోట్లు పెట్టి యిచ్చారు నాన్నగారు. కొత్త నోట్లు. బ్యాంకులో అడిగి తెచ్చారు. "నీకు యిప్పుడు నేను పైసా బాకీ లేనక్కా" అన్నారు. ఆయన ముఖం ఆనాడు వెలిగిపోయింది. అత్తయ్య ఆ నోట్లు లెక్కపెట్టకుండానే కొంగున ముడివేసుకుంది.

యిక్కడ ఒక చిన్న మాట. 1982లో అత్తయ్య తెచ్చిచ్చింది యాభై నోట్లు. ఎందుచేతనంటే అప్పట్లో చెలామణిలో వున్న పెద్ద నోటు నూరు రూపాయలదే. పైనున్న పెద్ద నోట్లను 1978లో రద్దు చేశారు. 500 నోటు 1987లో వచ్చింది, వెయ్యి నోటు 2000లో తిరిగి వచ్చింది. యాభై నోట్ల కట్ట పందొమ్మిదేళ్ళలో పది నోట్లయింది. నోటు పెద్దదవుతున్నదంటే రూపాయి చిన్నదవుతున్నదని అర్థం. మా తాతగారి కాలపు అణా, బేడ, దమ్మిడీ యిప్పుడు సామెతల్లోనే వున్నాయి. 1957 ఏప్రిల్ ఒకటిన నయాపైసలు వచ్చి అణాలను కొట్టేశాయి. 2011 జూన్ ఆఖరుకు పావలా బిళ్ళ కూడా చెల్లకుండా పోయింది. క్లాసులో "బేడ" అన్న మాట వస్తే పిల్లలు కులం పేరనుకుంటున్నారు. రెండణాలని చెబితే, అణా అంటే ఏమిటని అడుగుతున్నారు.

సరే, అప్పు సంగతి. పుస్తకం చేతిలో పెట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రమే మా సహోద్యోగి ఒకాయన ఫోను చేసి కరువు భత్యం బకాయిల గురించి పావుగంట మాట్లాడాడు. మా ఉద్యోగస్తులకు అంతకంటె ప్రియమైన విషయం లేదు. ఆయన ఫోను పెట్టేశాక నాకు తట్టింది. ధరలు పెరిగాయని ప్రభుత్వం నాకు కరువు భత్యం యిస్తున్నది. అత్తయ్య 5,000కు పందొమ్మిదేళ్ళు ఎవరిచ్చారు కరువు భత్యం?

కరువు భత్యానికి ఆధారమైన లెక్క ఒకటుంది. సిమ్లాలో వున్న లేబర్ బ్యూరోవారు వేస్తారు. పారిశ్రామిక కార్మికుల కుటుంబాలు నెలకు ఏమేమి కొంటాయో – బియ్యం, పప్పు, నూనె, యింటద్దె, గుడ్డలు, మందులు, బడి ఫీజు – అన్నీ ఒక బుట్టలో వేసినట్లు వేసి, ఆ బుట్ట ఖరీదు నెలనెలా చూస్తారు. మొదట ఒక సంవత్సరం ఖరీదును నూరు అనుకుంటారు. 1960ని నూరుగా పెట్టి కొన్నాళ్ళు నడిపారు, తరువాత 1982ని, తరువాత 2001ని, యిప్పుడు 2016ని. జనం కొనే వస్తువులు మారుతుంటాయి కనుక బుట్ట మార్చవలసి వస్తుంది. 1982 బుట్టలో సగానికి పైగా తిండి ఖర్చే. 2016 బుట్టలో తిండి వాటా నూటికి 39. కొత్త బుట్టలోంచి పాత బుట్ట లెక్కలోకి వెళ్ళాలంటే దేనితో హెచ్చవేయాలో వారే చెబుతారు. 2001 నుంచి 1982కు ఆ అంకె 4.63.

నాన్నగారు అప్పు తీసుకున్నది 1982, తీర్చింది 2001. బ్యూరోవారు మా యింటి అప్పు కోసమే ఆ రెండు సంవత్సరాలనూ యెన్నుకున్నట్లు అనిపించి నాకు ఒళ్ళు ఝల్లుమంది. 1982లో నూరు రూపాయలకు వచ్చే సరుకు 2001లో కొనాలంటే 463 రూపాయలు కావాలి. 5,000 సరుకుకు 23,150. నాన్నగారు యిచ్చింది 5,000. అంటే ఆ పళ్ళెంలో పెట్టిన డబ్బు, అత్తయ్య యిచ్చిన కాలపు రూపాయల్లో, 1,080 మాత్రమే. అయిదింట నాలుగు వంతుల అప్పు తీరలేదు. రెండెర్ర గీతలు గీసేశారు.

యిందులో మాయ ఏమీ లేదు. 1982 నుంచి 2001 దాకా ధరలు యేటా సగటున నూటికి ఎనిమిది చిల్లర పెరుగుతూ వచ్చాయి. ఎనిమిది అంటే పెద్దగా కనిపించదు. కాని 72ను ఆ ఎనిమిదితో భాగించి చూడండి, తొమ్మిది వస్తుంది. తొమ్మిదేళ్ళకొకసారి రూపాయి సగమవుతున్నదన్నమాట. పందొమ్మిదేళ్ళలో రెండుసార్లు సగమై, మూడోసారికి బయల్దేరింది. 1973, 74లలో చమురు ధరలూ వర్షాభావమూ కలిసి వచ్చినప్పుడు రూపాయి యింతకంటె వేగంగా కరిగింది. 2001 తరువాత కొంచెం నెమ్మదించింది. నెమ్మదించిందే గాని ఆగలేదు. సరుకు తక్కువై డబ్బు ఎక్కువైతే ధర పెరుగుతుందన్నది సంతలో కూరలమ్మే అవ్వకు కూడా తెలుసు. ఎక్కువైన డబ్బు ఎవరి చేతికి ముందు వస్తుంది, ఎవరికి ఆఖరున వస్తుంది అన్నదే తేడా. నాబోటి జీతగాడికి ఆర్నెల్లకో యేడాదికో వస్తుంది. బకాయి పడినా వస్తుంది. యు.జి.సి. స్కేలులో లెక్చరరు మొదటి జీతం 1986లో 2,200, 1996లో 8,000, 2016లో 57,700. ధరల వెనుక పరుగెత్తి జీతం వాటిని దాటింది కూడా. కొంగున ముడివేసిన డబ్బుకు పరుగెత్తే కాళ్ళు లేవు.

మా ఆవిడతో చెప్పాను. ఆమె లెక్కల మనిషి కాదు గాని యిలాంటి విషయాల్లో ఆమెకు తీర్పు చెప్పడం అలవాటు. "బుట్టలూ గిట్టలూ ఎందుకండీ, బంగారంతో చూడండి, తేలిపోతుంది" అంది.

బంగారంతో చూశాను. 1982లో పది గ్రాములు సుమారు 1,650. 5,000కు ముప్ఫై గ్రాములు. 2001లో పది గ్రాములు సుమారు 4,300. నాన్నగారిచ్చిన డబ్బుకు పదకొండున్నర. యింకా పద్ధెనిమిదిన్నర గ్రాములు బాకీ. విచిత్రమేమంటే ఆ పందొమ్మిదేళ్ళలో బంగారం రెండున్నర రెట్లు చిల్లర మాత్రమే పెరిగింది, బుట్ట నాలుగున్నర దాటింది. బంగారం కొని దాచుకున్న వాళ్ళు కూడా ఆ కాలంలో నష్టపోయినట్లే. ఆ తరువాత సంగతి వేరు. 2025లో పది గ్రాములు లక్ష దాటింది. ఆ ధరన పద్ధెనిమిదిన్నర గ్రాములకు లక్షా ఎనభై అయిదువేల పైమాట.

ఆ అంకె వినగానే మా ఆవిడ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చి, "మీ బుట్టే నయమేమో, ప్రభుత్వం వారు వేసిందిగా" అంది. బంగారం తీర్మానాన్ని తానే ప్రతిపాదించి తానే వుపసంహరించుకుంది.

బుట్ట లెక్కనయితే ఎంత? 2001లో తక్కువ పడింది 18,150. దాన్ని యీనాటికి తేవాలి. 2025 మధ్యలో ఆ సూచిక 145 దరిదాపున వుంది. దాన్ని 2001 లెక్కలోకి తేవాలంటే 2.88తో హెచ్చవేయాలి. అంటే నాలుగు రెట్ల పైన. 18,150 కాస్తా 75,800 అయింది. నేను రెండుసార్లు వేసి చూశాను, తెలుగు మేష్టరు లెక్క గనుక.

వడ్డీ మాటేమిటని మీరడుగుతారు. చేబదులుకు వడ్డీ అడగరు, అక్కాతమ్ముళ్ళ మధ్య అసలే అడగరు. పోనీ నూటికి నెలకు రూపాయి వడ్డీ అనుకుందాం. మన పల్లెల్లో అది ధర్మవడ్డీ. పందొమ్మిదేళ్ళకు బారువడ్డీ 11,400. అసలుతో కలిపి 16,400. వడ్డీ వ్యాపారి వసూలు చేసే రొక్కం పుచ్చుకున్నా అత్తయ్యకు తన డబ్బు తనకు రాదు, యింకా ఏడువేలు తక్కువే. యీ లెక్క చూశాక వడ్డీ అంటే పాపపు సొమ్మని అనడానికి నాకు నోరు రావడం లేదు. అందులో సగానికి పైగా, కరిగిపోయిన అసలును పూడ్చుకోవడానికే సరిపోతుంది.

చట్టం సంగతి చూస్తే నాన్నగారు నిర్దోషి. అయిదువేల రూపాయల అప్పు అయిదువేల రూపాయలతో తీరుతుంది, ఆ రూపాయలు ఎంత చిక్కిపోయినా సరే. పైగా నోటు మీద యిచ్చిన అప్పుకే మూడేళ్ళలో కాలదోషం పడుతుంది. 1985 తరువాత అత్తయ్య కోర్టుకు వెళ్ళినా ఒక్క పైసా రాదు. ఆయన యివ్వవలసిన పని లేకుండానే యిచ్చారు. ఆ ఎర్ర గీతలకు ఆ హక్కు వుంది. యీ ముక్క నాకు నేను నాలుగుసార్లు చెప్పుకున్నాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మరునాడు చుట్టాలలో ఒకాయనతో – పేరు ఎందుకు, వాదించడం ఆయనకు వృత్తి – యీ సంగతి కదిపితే, "అన్ని ధరలూ పెరిగాయని ఎవరన్నారు? రేషను బియ్యం చూడు" అన్నాడు. నిజమే. 1983లో రెండు రూపాయలకు కిలో యిచ్చారు. మధ్యలో పెరిగి, 2008లో మళ్ళీ రెండు రూపాయలయింది, 2011లో రూపాయి అయింది, 2023 నుంచి వుచితం. ఆ లెక్కన చూస్తే రూపాయి చిక్కడం అటుంచి బలిసి కూర్చుంది. మా అత్తయ్యే నాన్నగారికి బాకీ పడుతుంది! ఒక్క వస్తువు పట్టుకుని కాలాన్ని కొలిస్తే యిలాంటి చిక్కులే వస్తాయి. రేషను షాపులో రూపాయి ఎంత చేసినా, ఆ తేడా ఖజానాలోంచి ఎవరో కడుతున్నారు.

మా వూరి రైతులు యీ సంగతి ఏ సూచికా చదవకుండానే కనిపెట్టారు. డెల్టాలో కౌలు ఎన్ని రూపాయలని అడగరు, ఎన్ని బస్తాలని అడుగుతారు. ధాన్యం ధర ఎంతయితే అంత. రూపాయి లావయినా సన్నమయినా బస్తా డెబ్భై అయిదు కిలోలే. మా చిన్నతనంలో వడ్లు బదులిస్తే వడ్లే తిరిగి కొలిపించుకునేవారు. ఎంత తెలివి! మా అత్తయ్య కూడా ఆనాడు "రెండు గేదెలు బదులిచ్చాను, రెండు గేదెలు యివ్వు" అని వుంటే యీ వ్యాసం రాయవలసిన పని లేకపోయేది.

ఆ ఆదివారం వూరికి వెళ్ళాను. అత్తయ్యకు 78 యేళ్ళు. చిన్నబావ దగ్గర వుంటుంది. వసారాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. చూపు ఆనదు గాని చెవులు పాముచెవులు.

"ఏరా అబ్బాయ్, కోడల్ని తీసుకురాలేదే?" అంది.

కుశలప్రశ్నలయ్యాయి. పద్దు పుస్తకం తీసి, మే నెల పుట చదివి వినిపించాను. జనవరి పుట కూడా చదివాను. ఎర్ర గీతల సంగతి చెప్పాను. చిక్కుడుకాయ వలుస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"గీతలు కూడా గీసుకున్నాడూ!" అని నవ్వింది. "వాడు చిన్నప్పుడు పలక మీద కూడా అంతే. లెక్క సరిపోతే కింద రెండు గీతలు గీసి నాకు చూపించేవాడు."

నాకు ఏం చెప్పాలో తెలియక బుట్ట లెక్క మొదలుపెట్టాను. సిమ్లా, సూచిక, 4.63 – నా పాఠం సగంలోనే ఆపేసింది.

"నాకు తెలీదనుకున్నావట్రా? వాడు పళ్ళెంలో పెట్టి యిచ్చిన మర్నాడే గేదె ఎంతుందో కనుక్కున్నాను. పన్నెండువేలన్నారు. నేను యిచ్చినప్పుడు ఆ డబ్బుకి రెండు గేదెలు. వాడిచ్చినప్పుడు అర గేదె కూడా రాలా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"ఏమని చెప్పేదిరా? అయిదువేలకి అయిదువేలు యిచ్చాడు. తప్పు లెక్కా? వాడి ముఖం చూశావుగా ఆ రోజున. ఆ ముఖం పట్టుకుని, తమ్ముడూ యింకా గేదెన్నర బాకీ వున్నావురా అనమంటావా?"

చాలాసేపు నేనేం మాట్లాడలేదు. ఆ డబ్బు ఏం చేశావని అడిగాను. పెద్దబావ సొంతంగా కొట్టు పెట్టుకుంటున్న రోజులట. త్రాసు, తూనికరాళ్ళు, రెండు నూనె డబ్బాలు, ఒక పంచదార బస్తా వచ్చాయిట. ఆ త్రాసు యిప్పటికీ వుందిట, వాడకపోయినా.

చివరికి తెగించి, నా లెక్క ప్రకారం డెబ్భై అయిదువేల ఎనిమిది వందలు తేలిందనీ, అది తెచ్చాననీ చెప్పాను. జేబులో చెక్కుపుస్తకం వుంది.

అత్తయ్య ముఖం మారింది. "వద్దు" అంది.

"అది కాదత్తయ్యా..."

"వద్దని చెప్పానా? ఆ డబ్బు నేను తీసుకున్నానంటే వాడు గీసిన గీతలు తప్పయినట్టు. పోయినవాడి లెక్క దిద్దడానికి నువ్వెవరివి? నీ పేపర్లు నువ్వు దిద్దుకో."

యిరవై యేళ్ళుగా పేపర్లు దిద్దుతున్న వాణ్ణి, ఆ మాటకు జవాబు తోచలేదు. చిన్నబావ పశువుల పాకలోంచి వచ్చి నిలబడ్డాడు. అత్తయ్య వాడివైపు తిరిగి, "గేదె యిప్పుడెంతుందిరా?" అని అడిగింది.

"మంచి పాడిగేదయితే తొంభై" అన్నాడు.

ఆవిడ కాసేపు వేళ్ళు మడిచింది. "గేదెన్నర..." అని గొణిగి, "ఆ సగం పోనీలే" అంది. ఎవరితో అన్నదో నాకు తెలియదు. తరువాత నావైపు చూసి, "మేనల్లుడివి. పండక్కి మేనత్తకి గేదె పెడితే ఎవరూ కాదనరు. డబ్బు మాత్రం నాకు చూపించకు. ఆ పుస్తకంలో రాయకు" అంది.

అలాగే అన్నాను. ఆవిడ తిరిగి చిక్కుడుకాయలు తీసుకుంది. నా సంచీలో రెండు చెంబుల చిక్కుడు గింజలూ, ఒక సీసా మాగాయా పెట్టి పంపించింది.

బస్సులో వస్తూ నా బుట్ట లెక్కకూ గేదె లెక్కకూ ఎంత తేడా వచ్చిందా అని చూశాను. ఒక్క గేదె లెక్కన పధ్నాలుగువేలు పైన. గేదెన్నర లెక్కన యాభై తొమ్మిదివేలు. సిమ్లావారి బుట్టలో పాలున్నాయి గాని గేదె లేదు. గేదె ధరలో మేత, దాణా, పాలు పితికే మనిషి కూలి అన్నీ వున్నాయి. ఏ లెక్క సరైనదో నేను తేల్చలేను. అత్తయ్యకు మాత్రం యెప్పుడూ అనుమానం లేదు.

సంక్రాంతి దాకా ఆగుదామనుకున్నాను, బకాయిలు కూడా చేతికి వస్తాయని. నిన్న చిన్నబావ ఫోను చేశాడు. పక్క వూళ్ళో రెండో యీత గేదె వుందిట, పూటకు అయిదు లీటర్లిస్తుందిట, తొంభై రెండు చెబుతున్నారుట. "పండక్కయితే ఎంతంటారో చెప్పలేను బావా" అన్నాడు. రేపు పొద్దున మొదటి బస్సుకు బయల్దేరుతున్నాను.